ఐదో పుట్టినరోజు ఖరీదు

బిడ్డకు ఐదేళ్లు నిండుతుంటే మధ్యతరగతి యువ తండ్రి కేకుతోపాటు రైలు చార్జీల లెక్క కూడా చూసుకోవాలి. అప్పటిదాకా తల్లి పక్కన ఒదిగి ఉచితంగా ప్రయాణించిన పిల్లవాడికి ఇక టికెట్ కొనాల్సిందే. 5 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు సగం చార్జీకే బెర్తు ఇచ్చే పద్ధతికి రైల్వే శాఖ 2016 ఏప్రిల్‌లో స్వస్తి చెప్పింది. ఇప్పుడు బెర్తు కావాలంటే పెద్దల చార్జీ పూర్తిగా కట్టాలి. సగం చార్జీకి దక్కేది అమ్మానాన్నల బెర్తులో కాస్త చోటు. హౌరాలో రాత్రి ఎక్కి తెల్లారేసరికి పూరీలో దిగే కుటుంబం ఎలాగో సర్దుకుంటుంది. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా సిమ్లా వెళ్లే వారికి, ఎనిమిదేళ్ల కొడుకుతో, అది కుదిరే పని కాదు. ఎల్‌టీసీపై పన్ను మినహాయింపు ఆదుకుంటుందా అంటే అది నాలుగేళ్లలో రెండు ప్రయాణాలకే, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవారికే.

అందుకే దూర ప్రయాణం ఏడాదికోసారి. శని, ఆదివారాలకు సినిమాయే గతి. అక్కడ బిడ్డ మరీ త్వరగా పెద్దవాడవుతాడు: చాలా మల్టీప్లెక్సుల్లో మూడేళ్లు దాటితే టికెట్ తప్పనిసరి. 100 రూపాయల లోపు టికెట్‌పై జీఎస్‌టీ 2025 సెప్టెంబర్‌లో 5 శాతానికి తగ్గింది. మహా నగరాల మల్టీప్లెక్సుల్లో ఆదివారం సాయంత్రం ఆ ధర అరుదు. అంతకు మించిన వాటిపై 18 శాతం అలాగే ఉంది. పాప్‌కార్న్ సంగతి ఎత్తకపోవడమే మేలు.

2024లో సెన్సార్ బోర్డు యూఏ సర్టిఫికెట్‌ను 7, 13, 16 ఏళ్లుగా విడగొట్టింది. ఆరేళ్ల పాపను ఏ సినిమాకు తీసుకెళ్లాలో తేల్చుకోవాల్సింది మాత్రం తల్లిదండ్రులే. టికెట్ కొంటే యూఏ సినిమాకు గేటు దగ్గర ఎవరూ ఆపరు.