సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ధ్రువీకరణ పరీక్ష: ఏ నైపుణ్యాలను పరీక్షించాలి?

ఉపోద్ఘాతం

కొత్తగా ఉద్యోగంలో చేరే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లకు ధ్రువీకరణ పరీక్ష రూపొందించే పని మీకు అప్పగించారనుకోండి. 60 ప్రశ్నలకు మించి అడగడానికి వీల్లేదు. తెలిసి ఉండదగిన విషయాలేమో వందల్లో ఉన్నాయి. వేటిని ఉంచుతారు? వేటిని వదిలేస్తారు?

ఈ ఎంపికలో పొరపాటు జరిగితే నష్టం రెండు వైపులా ఉంటుంది. పని వచ్చిన అభ్యర్థి పరీక్ష తప్పుతాడు. పని రాని అభ్యర్థి ఉత్తీర్ణుడై, రేపు ఏ ఆసుపత్రి సర్వర్‌కో బాధ్యుడవుతాడు. కాబట్టి పరీక్ష సప్రమాణత ప్రశ్నలు రాసేటప్పుడు కాదు, అంతకు ముందే, నైపుణ్యాల ఎంపికలోనే చాలావరకు తేలిపోతుంది.

1. పుస్తకం నుంచి కాదు, పని నుంచి

నలుగురు నిపుణులను కూర్చోబెట్టి జాబితా రాయమంటే ఎవరికి ఇష్టమైన అంశాన్ని వారు చేరుస్తారు. నెట్‌వర్క్ నిపుణుడికి నెట్‌వర్క్ ముఖ్యం, భద్రతా నిపుణుడికి భద్రత ముఖ్యం. అలా తయారైన జాబితాలో నిపుణుల అభిరుచులు కనిపిస్తాయిగాని ఉద్యోగం కనిపించదు.

దీనికి విరుగుడు ఉద్యోగ విధుల విశ్లేషణ. మొదట ఉద్యోగి చేసే పనులను క్రియారూపంలో రాయాలి. ‘ఫైళ్ళ అనుమతులు’ అని కాకుండా ‘ఫైళ్ళ అనుమతులను మార్చడం’ అని రాయాలి. తరువాత ఆ జాబితాను ప్రస్తుతం ఆ పనిలో ఉన్నవారికి పంపి రెండు విషయాలు అడగాలి: ఈ పని ఎంత తరచుగా చేస్తారు? ఇది తప్పుగా చేస్తే ఎంత నష్టం? వ్యక్తులకు ధ్రువీకరణ ఇచ్చే సంస్థలకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ./ఐ.ఇ.సి. 17024 కూడా ఇటువంటి విశ్లేషణను కోరుతుంది.

2. లెక్క ఒక్కటే చాలదు

ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. తరచుదనానికి, నష్టానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేసి, రెండింటినీ గుణించాం.

• వినియోగదారు ఖాతా తెరవడం: 5 × 3 = 15
• ఫైళ్ళ అనుమతులను మార్చడం: 4 × 4 = 16
• బ్యాకప్ నుంచి ఫైళ్ళను తిరిగి రాబట్టడం: 1 × 5 = 5
• కెర్నల్‌ను కంపైల్ చేయడం: 1 × 2 = 2

ఆరు కంటే తక్కువ వచ్చిన వాటిని తీసివేస్తే మూడో పని కూడా పోతుంది. కానీ డిస్కు చెడిపోయిన రోజున సంస్థను నిలబెట్టేది ఆ పనే. ఏడాదికి ఒకసారే అవసరమైనా, ఆ ఒక్కసారి చేతకాకపోతే దిద్దుకునే అవకాశం ఉండదు. అందువల్ల లెక్క కమిటీకి ఆధారం మాత్రమే, తుది తీర్పు కాదు. లెక్కను పక్కన పెట్టినప్పుడు కారణాన్ని రాతపూర్వకంగా నమోదు చేయాలి.

3. స్థాయి, భారత్వం

ముఖ్యమైన పని అయినంత మాత్రాన ప్రతి స్థాయిలోనూ అడగనక్కరలేదు. లినక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్ పరీక్షలను గమనించండి. కెర్నల్ కంపైల్ చేయడం మొదటి స్థాయి అయిన ఎల్.పి.ఐ.సి.-1లో లేదు, రెండో స్థాయిలో ఉంది. మొదటి స్థాయిలో రెండు పరీక్షలు ఉంటాయి. ఒక్కొక్కదానికి 60 ప్రశ్నలు, 90 నిమిషాలు. ప్రతి లక్ష్యానికీ ఒక భారత్వం ఉంటుంది. 5.0 సంచికలో వినియోగదారుల ఖాతాల నిర్వహణకు 5, వైకల్యం ఉన్నవారికి తోడ్పడే సౌకర్యాల అంశానికి 1 కేటాయించారు. భారత్వం ఎక్కువైతే ప్రశ్నలూ ఎక్కువే.

జాబితా శాశ్వతం కాదని కూడా గుర్తుంచుకోండి. 2018లో వచ్చిన ఆ సంచికలోనే, అంతకు ముందున్న ఎస్.క్యు.ఎల్. డేటా నిర్వహణ అంశాన్ని తొలగించారు. కొత్తవి చేర్చడం సులభం, పాతవి తీసివేయడం కష్టం. రెండూ చేస్తేనే జాబితా వృత్తితోపాటు నడుస్తుంది.

4. తెలుసా, చేయగలరా?

ఒక ఆదేశానికి ఏ ఐచ్ఛికం వాడాలో గుర్తుపెట్టుకోవడం జ్ఞాపకశక్తి. మాన్యువల్ పేజీ చూసి సరైన ఐచ్ఛికాన్ని ఎంచుకుని పని ముగించడం నైపుణ్యం. మొదటిదానికి బహుళైచ్ఛిక ప్రశ్న సరిపోతుంది, రెండోదానికి ప్రయోగ పరీక్ష కావాలి. రెడ్ హ్యాట్ సంస్థ పరీక్షల్లో అభ్యర్థి నిజమైన సిస్టమ్ మీద పనిచేయాలి. చేసిన అమరికలు సిస్టమ్‌ను రీబూట్ చేసిన తరువాత కూడా నిలిచి ఉండాలి.

మీవంటి తెలుగు మాధ్యమ విద్యార్థులకు సంబంధించిన మరో విషయం ఉంది. ఆదేశాలు ఏ భాషవారికైనా ఒకటే. కానీ ప్రశ్నను మెలికలు తిరిగిన ఇంగ్లీషు వాక్యంలో అడిగితే అది సిస్టమ్ నిర్వహణను కాక ఇంగ్లీషును పరీక్షిస్తుంది. పనికి అవసరంలేని నైపుణ్యం ప్రశ్నలో దొంగదారిన చొరబడకుండా చూడటం కూడా ఎంపికలో భాగమే.

సారాంశం

నైపుణ్యాలను ఉద్యోగం నుంచి సేకరించాలి. తరచుదనం, నష్టం రెండింటినీ తూచాలి. అరుదైనా ప్రమాదకరమైన పనులను కాపాడుకోవాలి. స్థాయికి తగినట్టు భారత్వం ఇచ్చి, పనికి తగిన పరీక్షా విధానాన్ని ఎంచుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బ్యాకప్ ఉదాహరణలో లెక్కను మాత్రమే నమ్మితే జరిగే నష్టమేమిటి?
2. మీకు తెలిసిన ఏదైనా ఒక వృత్తిలోని 5 పనులను క్రియారూపంలో రాసి, పై పద్ధతిలో మార్కులు వేయండి. ఏ పని విషయంలో లెక్కను పక్కన పెడతారు? ఎందుకు?