పవిత్రత: వేరుపాటు, అనుబంధం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం
పవిత్రతను మతాలన్నీ ఒకే విధంగా గ్రహించవు, ఒకే విధంగా ప్రకటించవు. ఆధునిక మతాధ్యయనంలో ప్రధానస్థానం పొందిన ‘వేరుపాటు’ అనే భావనను తెలుగు పదసంపద, అమరావతి శిల్పం, పీర్ల పండుగ, తిన్నని కథల ఆధారంగా పరిశీలించి, పవిత్రతలో అనుబంధానికి ఉన్న స్థానాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పవిత్రత, మడి, వేరుపాటు, అమరావతి, పీర్లు, తిన్నడు.

1. ఉపోద్ఘాతం
ఎమిల్ దుర్కైమ్ 1912లో వెలువరించిన గ్రంథంలో మతానికి దైవభావన కంటే పవిత్రభావనే మూలమని ప్రతిపాదించాడు. లౌకికమైన వాటినుంచి వేరుచేసి, నిషేధాలతో కాపాడుకొనేవే ఆయన దృష్టిలో పవిత్రమైనవి. సృష్టికర్త అయిన దేవుడు ప్రధానం కాని బౌద్ధాన్ని కూడా మతంగా గుర్తించడానికి ఈ నిర్వచనం అవకాశమిచ్చింది. రుడాల్ఫ్ ఒట్టో 1917లో ఇదే విషయాన్ని అనుభవం వైపునుంచి చూశాడు. భయాన్నీ ఆకర్షణనూ ఏకకాలంలో కలిగించే రహస్యంగా పవిత్రతను వర్ణించాడు. రాయి, చెట్టు వంటి సాధారణ వస్తువులలో పవిత్రత వ్యక్తం కావడాన్ని మిర్చా ఎలియాడ్ 1957లో వివరించాడు. ఈ ముగ్గురి ప్రతిపాదనలలోనూ పవిత్రం లౌకికానికి భిన్నమైనదే. ఈ భిన్నత్వం అన్ని సంప్రదాయాలకూ ఒకే తీరున వర్తిస్తుందా అన్నది పరిశీలించవలసిన అంశం.

2. పదాల సాక్ష్యం
హీబ్రూలోని ‘ఖదోష్’ అనే పదానికి ప్రత్యేకించబడినది అనే అర్థఛాయ ఉంది. అరబ్బీలో ‘హరామ్’ అనే మాట నిషిద్ధాన్నీ అతిక్రమించరాని పవిత్రతనూ సూచిస్తుంది. మక్కాలోని మసీదుకు ‘మస్జిద్ అల్ హరామ్’ అని పేరు రావడం ఇందువల్లనే. సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన ‘పవిత్రం’ దారి వేరు. శుద్ధి చేయడం అనే అర్థంగల ‘పూ’ ధాతువునుంచి పుట్టిన ఈ పదానికి శుద్ధిచేసే సాధనం అని అర్థం. వైదిక కర్మలలో వేలికి ధరించే దర్భ ఉంగరాన్ని నేటికీ పవిత్రమనే అంటారు. కాబట్టి పవిత్రమైనది తాను శుద్ధంగా ఉండటమే కాక, తనను చేరినదాన్ని శుద్ధిచేస్తుంది కూడా.

దీనికి భిన్నంగా, తెలుగువారి ‘మడి’ పూర్తిగా వేరుపాటుపై ఆధారపడింది. మడి తాకితే పోతుంది. పవిత్రం తాకినదాన్ని మారుస్తుంది, మడి తాకిడికి చెడుతుంది. ఒకే సమాజం ఈ రెండు భావాలనూ పక్కపక్కనే నిలుపుకొంది.

3. రూపం, అరూపం
అమరావతి స్తూపంలోని తొలిదశ శిల్పాలలో బుద్ధుడు మానవరూపంలో కనిపించడు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, బోధివృక్షం, ధర్మచక్రం అక్కడ ఆయన సాన్నిధ్యాన్ని సూచిస్తాయని ఎక్కువమంది భావించారు. వీటిలో కొన్ని బుద్ధుని ప్రతీకలు కావని, భక్తులు పూజించిన స్థలాలనూ వస్తువులనూ చిత్రించినవని సూసన్ హంటింగ్టన్ వాదించారు. ఏ వ్యాఖ్యానాన్ని అంగీకరించినా, ఆ ఫలకాలలో ఆసనం చుట్టూ చేతులు జోడించిన మనుషులు ఉన్నారన్నది వాస్తవం. పవిత్రత అక్కడ వస్తువుకూ ఆరాధకునికీ నడుమ ఏర్పడిన సంబంధంగా వ్యక్తమవుతుంది.

ఇస్లాం దేవునికి రూపాన్ని అంగీకరించదు. తెలుగు పల్లెలలో మొహర్రం నాడు ఎత్తే పీర్లు కూడా దేవుని ప్రతిమలు కావు. 680లో కర్బలాలో మరణించిన ఇమాం హుస్సేన్‌నూ ఆయన పరివారాన్నీ స్మరింపజేసే లోహపు చిహ్నాలు అవి. అయితే అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి పేరిట జరిగే ఉత్సవంలో హిందువులు, ముస్లింలు కలిసి మొక్కులు చెల్లిస్తారు. ఈ ఉత్సవాన్ని అధ్యయనం చేసిన అఫ్సర్ మహమ్మద్ గ్రంథం 2013లో వెలువడింది. ఇక్కడ స్మారకచిహ్నం స్థానిక భక్తిలో ‘స్వామి’ అయింది. సిద్ధాంతం గీసిన సరిహద్దును ఆచారం దాటింది.

4. తిన్నని నైవేద్యం
ధూర్జటి ‘శ్రీకాళహస్తి మాహాత్మ్యం’లోని తిన్నని కథ ఈ చర్చకు కీలకం. తిన్నడు మాంసాన్ని నివేదిస్తాడు, పుక్కిటి నీటితో అభిషేకిస్తాడు. నిత్యం అర్చించే శివబ్రాహ్మణునికి అది అపచారం. చివరకు శివుని కంటినుంచి నెత్తురు కారినప్పుడు తిన్నడు తన కన్ను పెకలించి అమర్చుతాడు. రెండో కంటి గుర్తుకోసం లింగంపై పాదం మోపుతాడు. మడి దృష్టిలో ఇంతకు మించిన దోషం లేదు, భక్తి దృష్టిలో ఇంతకు మించిన అర్పణ లేదు.

అయితే ఈ కథను తరతరాలుగా కీర్తించిన సమాజమే ఎందరినో ఆలయద్వారం వెలుపల నిలిపింది. కావ్యం మన్నించినదాన్ని ఆచారం మన్నించలేదు. తిన్నని భక్తిని అసాధారణమైన మినహాయింపుగా ఆరాధించడం వల్ల నియమం చెక్కుచెదరకుండా నిలిచింది. ఆ నియమాన్ని మార్చడానికి 1947నాటి మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం, అంటరానితనాన్ని రద్దుచేసిన రాజ్యాంగంలోని 17వ అధికరణం అవసరమయ్యాయి.

5. ముగింపు
వేరుపాటు లేనిదే పవిత్రతకు గుర్తింపు లేదు. గీత గీయని స్థలం గుడి కాదు, మసీదు కాదు, స్తూపమూ కాదు. కాని ఆ గీత స్థలాన్ని ప్రత్యేకించడానికా, మనిషిని వెలివేయడానికా అన్నది ప్రశ్న. ‘పవిత్రం’ అనే పదం వ్యుత్పత్తిలోనే దీనికి సమాధానం ఉంది. చేరవచ్చినదాన్ని శుద్ధిచేసేదే పవిత్రమైతే, మనిషి తాకినందుకు మలినమయ్యేది ఆ పేరుకు తగదు.