వెలుగు ఒకచోట, వేడుక మరోచోట

డార్జిలింగ్ సమీపంలోని టైగర్ హిల్‌పై తెల్లవారుజామున జనం చూపంతా తూర్పు వైపే. అసలు దృశ్యం మాత్రం ఉత్తరాన ఉంటుంది. 8,586 మీటర్ల కాంచన్‌జంగా శిఖరాన్ని తొలి కిరణం తాకేసరికి కింది లోయల్లో ఇంకా చీకటే.

నేలబారుగా వచ్చే ఆ వెలుగు వాతావరణంలో చాలా దూరం ప్రయాణిస్తుంది. దారిలో నీలి కాంతి చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. అందుకే మంచు ముందు గులాబీ రంగులో, తర్వాత బంగారు వర్ణంలో మెరిసి చివరకు తెల్లబడుతుంది. పక్క నుంచి పడే ఎండకు కొండ మడతలు నీడలతో తేటపడతాయి.

ఇదంతా కొద్ది నిమిషాల వ్యవహారం. ట్రైపాడ్ బిగించి, ఎక్స్‌పోజర్‌ను మంచుకు తగ్గట్టు సరిచూసుకున్నవారికే ఫోటో దక్కేది. కెమెరాకే వదిలేస్తే చీకటి నేలను లెక్కలోకి తీసుకుని శిఖరాన్ని వెలవెలబోయేలా చేస్తుంది. సూర్యుణ్ని చూసి ఇటు తిరిగేలోగా రంగు జారిపోతుంది.