345వ చోట ఒక ఫాస్ఫేటు

అలిపిరి దగ్గర తిరుమల కొండకు వెళ్లే ప్రతి బండినీ ఆపి, తనిఖీ అయ్యాకే పైకి వదులుతారు. కణంలోనూ అలాంటి కట్టడి ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మకణాల డీఎన్‌ఏలో పక్కపక్కనున్న రెండు థైమిన్లను అతికించేస్తాయి. డీఎన్‌ఏకు నకలు తీసే యంత్రాంగం అక్కడికొచ్చి తడబడుతుంది. వెంటనే ఏటీఆర్ అనే ఎంజైము సీహెచ్‌కే1 అనే ప్రోటీన్‌ను మేల్కొలుపుతుంది. అది కణవిభజనను ఆపి మరమ్మతుకు వ్యవధి ఇస్తుంది.

మేల్కొలపడమంటే ఫాస్ఫేటు తగిలించడమే. సీహెచ్‌కే1లోని 476 అమైనో ఆమ్లాల్లో 345వ చోటున్న సెరీన్ ఇందుకు కీలకం. ఆ ఫాస్ఫేటు వచ్చేది ఏటీపీ నుంచి. 1929లో ఏటీపీని కనుగొన్నవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. అంతకు నాలుగేళ్ల ముందే ఆయన, సహ పరిశోధకుడు ఫిస్క్ కలిసి ఫాస్ఫరస్‌ను నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి రూపొందించారు. ఫాస్ఫరస్ ఎంతుందో అది చెబుతుంది. ఏ ప్రోటీన్ మీద, ఎన్నో చోట ఉందో చెప్పదు.

ఆ దిశగా ఒక అడుగు 1983లో పడింది. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సంస్థలో పోటు ఎన్. రావు బృందం, విభజన దశలోని కణాల ప్రోటీన్లను చిట్టెలుకలకు ఎక్కించి ఎంపీఎం-2 యాంటీబాడీని తీసింది. ఫాస్ఫేటున్న ప్రోటీన్లను అది పట్టుకుంది, కానీ ఒకేసారి చాలావాటిని.

ఒక్క 345నే పట్టాలంటే ఆ చుట్టుపక్కల ముక్కను ఫాస్ఫేటుతో సహా తయారుచేసి కుందేలుకు ఎక్కిస్తారు. తర్వాత దాని సీరాన్ని, ఫాస్ఫేటు లేని ముక్కలు అంటించిన గొట్టంలోంచి పంపుతారు. ఫాస్ఫేటు లేకపోయినా అతుక్కునే యాంటీబాడీలు అక్కడే చిక్కుకుపోతాయి. అసలు పనితనమంతా ఈ ఏరివేతలోనే ఉంది.

ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసి, పొర మీదికి ఎక్కించి యాంటీబాడీతో వెతికే వెస్టర్న్ బ్లాట్‌లో యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా పొరను ముందు పాలపొడి ద్రావణంలో నానబెట్టడం ల్యాబుల్లో మామూలే. కానీ పాలలోని కేసీన్ కూడా ఫాస్ఫేటు మోసే ప్రోటీనే. అందుకే ఈ పనికి ఆవు సీరం నుంచి తీసిన అల్బుమిన్ వాడమంటారు, ఖరీదెక్కువైనా.

ఇక యాంటీబాడీ పట్టిన ప్రోటీన్ పొర మీద గీతగా కనబడగానే నమ్మేయకూడదు. అదే నమూనాలో కొంత తీసి, ఫాస్ఫేటును ఊడదీసే లాంబ్డా ఫాస్ఫటేజ్ కలిపి మళ్లీ చూడాలి. 56 కిలోడాల్టన్ల దగ్గరి గీత మాయమవ్వాలి. పక్కనే, ఫాస్ఫేటుతో పనిలేని మామూలు సీహెచ్‌కే1 యాంటీబాడీతోనూ చూడాలి. ఆ గీత మాత్రం రెండు నమూనాల్లోనూ ఉండి తీరాలి.