"ఉన్నది ఉన్నట్లుగా" పాత ఇంటి కొనుగోలు

పరిచయం

పాత ఇళ్ల అమ్మకపు ఒప్పందాల్లో కొన్నిసార్లు "ఉన్నది ఉన్నట్లుగా" అనే షరతు కనిపిస్తుంది. స్లాబు కారుతున్నా, గోడలు బీటలు వారినా అమ్మకందారు బాగు చేయించరు, ఆ మేరకు ధర తగ్గిస్తారు అని దీని భావం. చవకగా ఇల్లు దొరికిందని తొందరపడితే ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము మరమ్మతులకే సరిపోవచ్చు. ఈ భాగం చదివిన తర్వాత ఈ షరతు వల్ల ఏ బాధ్యత ఎవరిదవుతుందో వివరించగలుగుతారు, అటువంటి ఇంటికి తగిన ధరను లెక్కించగలుగుతారు.

1. చట్టం ఏం చెబుతుంది?

పరిశీలించి కొనుక్కోవడం కొనుగోలుదారు బాధ్యత అనేది సాధారణ సూత్రం. దీనికి ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 55వ సెక్షన్ ఒక హద్దు పెట్టింది. ఆస్తిలో గాని, దానిపై హక్కులో గాని ఉన్న ముఖ్యమైన లోపం అమ్మకందారుకు తెలిసి, కొనుగోలుదారుకు తెలియక, సాధారణ జాగ్రత్తతో కనిపెట్టలేనిది అయితే అమ్మకందారు దానిని వెల్లడించాలి. వెల్లడించకపోతే మోసం కిందికి వస్తుంది.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. మొదటిది, ఈ సెక్షన్‌లోని బాధ్యతలు వేరే ఒప్పందం లేనప్పుడు వర్తిస్తాయి. అందుకే షరతులోని ప్రతి మాటా చదవాలి. రెండోది, భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 19వ సెక్షన్ ప్రకారం, అమ్మకందారు మౌనం మోసమే అయినా, సాధారణ శ్రద్ధతో నిజం తెలుసుకునే వీలు కొనుగోలుదారుకు ఉండి ఉంటే ఆ కారణంతో ఒప్పందాన్ని రద్దు చేసుకోలేరు. అంటే, చూసుకునే వీలుండీ చూసుకోని వారికి చట్టం అండ తక్కువ.

2. లోపాలు: రెండు రకాలు

పైకప్పు పెచ్చులూడి తుప్పు పట్టిన ఇనుప చువ్వలు కనిపిస్తుంటే అది బాహ్య లోపం. వానాకాలంలో పునాది కిందికి నీరు చేరుతుందని ఇంటివారికి తెలిసి, వేసవిలో ఇల్లు చూసినవారికి తెలియకపోతే అది అంతర్గత లోపం.

అడ్వాన్సు ఇచ్చే ముందే సివిల్ ఇంజనీరుతో ఇల్లు చూపించాలి. ప్లాస్టరింగ్ మీది సన్నని గీతలు సాధారణంగా ప్రమాదకరం కావు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా సాగే వెడల్పాటి పగుళ్లు పునాది కుంగుదలకు సూచన కావచ్చు. ఒక్క గోడకే కొత్త రంగు వేసి ఉంటే కారణం అడగాలి. వీలైతే వాన పడిన మర్నాడు మరోసారి చూడాలి.

కాగితాల పరిశీలన కూడా అంతే ముఖ్యం. లింకు దస్తావేజులు, ఈసీ, ఇంటిపన్ను, కరెంటు బకాయిలు చూడాలి. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. ఇంట్లో ఎవరైనా నివసిస్తుంటే వారికున్న హక్కు కొనుగోలుదారుకు తెలిసినట్లే చట్టం భావిస్తుంది. కాబట్టి వారిని స్వయంగా అడిగి తెలుసుకోవాలి.

3. అసలు ధర లెక్క

ఉదాహరణ: అదే వీధిలో, అంతే విస్తీర్ణంలో బాగున్న ఇల్లు 40 లక్షలు, పాత ఇల్లు 30 లక్షలు అనుకుందాం. ఇంజనీరు అంచనా ఇలా ఉంది:

పైకప్పు మరమ్మతు: 4 లక్షలు
వైరింగ్, నీటి పైపులు: 2 లక్షలు
గచ్చు, రంగులు: 1.5 లక్షలు
అనుకోని ఖర్చులు (20 శాతం): 1.5 లక్షలు
పని పూర్తయ్యేవరకు 6 నెలల అద్దె: 0.6 లక్షలు
మొత్తం: 9.6 లక్షలు

పైకి 10 లక్షలుగా కనిపించే తగ్గింపులో నిజంగా మిగిలేది 40 వేలే. అనుకోని ఖర్చు మరికొంత పెరిగితే నష్టమే. పైగా స్టాంపు డ్యూటీని కొన్న ధర, ప్రభుత్వ మార్కెట్ విలువలలో ఏది ఎక్కువైతే దానిపై లెక్కిస్తారు. ఇల్లు పాడైందని ధర తగ్గినా డ్యూటీ ఆ మేరకు తగ్గకపోవచ్చు.

4. బ్యాంకు వేలం

సర్ఫేసీ చట్టం, 2002 కింద బ్యాంకులు వేలం వేసే ఇళ్లకు ఈ షరతు మామూలే. వేలం పాడుకున్నవారు ధరలో 25 శాతాన్ని అదే రోజు లేదా మరుసటి పనిదినానికల్లా చెల్లించాలి. మిగతాది అమ్మకం ధ్రువీకరించిన 15వ రోజులోగా, లేదా రాతపూర్వకంగా పొడిగించిన గడువులోగా చెల్లించాలి. ఆ పొడిగింపు 3 నెలలకు మించదు. తప్పితే కట్టిన సొమ్ము పోతుంది.

పాత బకాయిల సంగతీ చూడాలి. కె.సి. నినాన్ కేసులో (2023) సుప్రీంకోర్టు, నిబంధనలు అనుమతించినప్పుడు పాత యజమాని కరెంటు బకాయిలు తీర్చాకే కొత్త కనెక్షన్ ఇస్తామని విద్యుత్ సంస్థ కోరవచ్చని చెప్పింది.

సారాంశం

"ఉన్నది ఉన్నట్లుగా" అనే షరతు కనిపించే లోపాల భారాన్ని కొనుగోలుదారుపై ఉంచుతుంది. తెలిసి దాచిన లోపాలకు చట్టంలో రక్షణ ఉన్నా, అది జాగ్రత్త తీసుకున్నవారికే బాగా ఉపయోగపడుతుంది. అందుకే ఇల్లు, కాగితాలు, లెక్క ఈ మూడూ సంతకానికి ముందే పూర్తి కావాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బాహ్య, అంతర్గత లోపాలకు మీ ఊరి ఇళ్ల నుంచి ఒక్కో ఉదాహరణ ఇవ్వండి.
2. పై లెక్కలో పైకప్పు ఖర్చు 5 లక్షలైతే, అనుకోని ఖర్చులను కూడా సవరించి, ఆ ఇంటికి ఎంత ధర ఇవ్వవచ్చో తేల్చండి.