క్రీడాంగణంలో పరస్పర సహకారం

గ్రామీణ పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయులు తరచుగా ఒక్కరే ఉంటారు. తమ విషయంలో కలిగిన సందేహాన్ని చర్చించడానికి ఆ పాఠశాలలో వారికి సహచరులు దొరకరు. అయితే క్రీడానిర్వహణ ఒక్కరివల్ల సాగే పని కాదు. కబడ్డీ పోటీనే పరిశీలిద్దాం. నియమావళి ప్రకారం దానికి ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరరు, ఇద్దరు సహాయ స్కోరర్లు, మొత్తం 6 మంది నిర్వాహకులు కావాలి. అందుచేతనే మండలస్థాయి పోటీలలో పొరుగు పాఠశాలల వ్యాయామోపాధ్యాయులు ఈ బాధ్యతలను పంచుకుంటారు. తమ జట్టు బరిలో ఉన్నప్పుడు ఒకరు తప్పుకొంటే, ఆ స్థానాన్ని మరొకరు స్వీకరిస్తారు. మారిన నియమాలను తెలిసినవారు తెలియనివారికి వివరిస్తారు. కూతకు వెళ్ళిన బాలుడు బోనస్ గీతను దాటాడా లేదా అన్నది నిష్పక్షపాతంగా తేలాలంటే ఈ సహకారం అవసరం. అది లోపిస్తే, న్యాయంగా గెలవవలసిన బాలుడే నష్టపోతాడు.