కాలువ ఎక్కని నేలలో నూజివీడు మామిడి

విజయవాడ వద్ద కృష్ణకు అడ్డంగా కట్టిన ఆనకట్ట 1855 నాటికి పూర్తయి, దాని కాలువలు సముద్రం వరకు ఉన్న ఒండ్రునేలను వరి మాగాణిగా మార్చినప్పుడు, ఆ నీరు ఎక్కలేని ఉత్తరపు మెట్టభూములు, అంటే నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట, రెడ్డిగూడెం పరిసరాలు, వానమీదే ఆధారపడి మిగిలాయి. వరికి అందని ఆ ఎత్తే మామిడికి వరమైంది.

ఇసుకపాలు ఎక్కువగా ఉండే ఇక్కడి ఎర్ర గరపనేలలో నీరు నిలవక కిందికి ఇంకిపోతుంది కనుక వేరు లోతుకు దిగుతుంది; డెల్టా నల్లరేగడిలో చెమ్మ ఎక్కువకాలం నిలిచి, చెట్టు పూతకు బదులు కొత్త చిగుళ్లు వేస్తుంది. మధ్యధరా తీరాన ఫ్రాన్సులోని బాండోల్‌లో సున్నపురాతి వాలులపై ద్రాక్ష పెంచేవారు నమ్మే సూత్రమూ ఇదే: కొంత కరవును ఓర్చుకున్న మొక్క కాయలోనే రుచి చిక్కబడుతుంది.

అయితే నేలకన్నా ఎక్కువగా పంటను నిర్ణయించేది చలికాలపు కొన్ని వారాలేనని చెప్పాలి. ఈశాన్య ఋతుపవనాల వానలు ఆగి, రాత్రులు చల్లబడి, నేల ఆరినప్పుడే కొమ్మల చివరి మొగ్గలు పూమొగ్గలుగా మారతాయి; పూత దశలో మబ్బుపట్టినా, మంచు కమ్మినా, పూగుత్తుల రసం పీల్చే తేనెమంచు పురుగూ, పూతను తెల్లని పొడిలా కప్పే బూడిద తెగులూ విజృంభించి, పిందె కట్టకముందే పూత రాలిపోతుంది. ఆ గండం గడిచిన కాయను వేసవి ఈదురుగాలులు నేలరాల్చవచ్చు.

ఇక రకాల సంగతి. టెంకనుంచి మొలిచిన మొక్క తల్లిచెట్టు గుణాన్ని యథాతథంగా నిలుపుకోదు కనుక, మేలిరకాలు తరతరాలుగా అంటుకట్టడం ద్వారానే నిలిచాయి. అంటే ఒక చెట్టు కొమ్మను మరో మొక్క మొదలుకు అతికించడం. నూజివీడు జమీందారీలో తోటల పెంపకానికి ఆదరణ ఉండడం వల్ల చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం, పంచదార కలశ వంటి పీల్చుకు తినే రకాలు ఇక్కడ వేళ్లూనాయి. రాయలసీమలోని బనగానపల్లె పేరుతో వెలసి, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లి గట్టి కండతో దూరప్రయాణాన్ని తట్టుకోవడంతో, విజయవాడ శివారు నున్న మార్కెట్ నుంచి ఉత్తరాది నగరాలకు తరలేది ప్రధానంగా అదే. పండగానే మెత్తబడే రసాలు మాత్రం ఎక్కువగా దగ్గరి ఊళ్లకే పరిమితమయ్యాయి. రుచిలో దేనికీ తీసిపోని ఈ రసాలు కేవలం లారీ ప్రయాణానికి ఓర్చుకోలేనందువల్ల వెనుకబడడం నిజంగా బాధాకరం. బోరుబావులు వచ్చాక ఇదే మెట్టనేలలో కొన్నిచోట్ల మామిడి స్థానంలో ఆయిల్‌పామ్ కనిపిస్తోంది.